చెట్టుకు పెట్టిన వంక

కొనబోయే వస్తువును మెచ్చుకోకూడదని నాకు నేర్పింది మా అమ్మ. మిగతా అమ్మలు కూతుళ్ళకు కుట్లూ వంటలూ నేర్పితే మా అమ్మ బేరం నేర్పింది. మా ఊరి పక్కన బుధవారం సంత జరిగేది. గంపలో లేత వంకాయలు నిగనిగలాడుతూ కనిపించాయంటే చాలు, అమ్మ మూతి ముడిచేది. "ఏందమ్మా, పుచ్చులన్నీ ఏరి తెచ్చినట్టున్నావే?" అనేది. వంకాయలమ్మి ఊరుకునే రకమా? "నీ కళ్ళల్లో ఉన్నయ్యేమో పుచ్చులు! నిన్నెవరు పిలిచారిక్కడికి?" అని లేచేది. ఇద్దరూ కాసేపు మాటా మాటా అనుకున్నాక రేటు కుదిరేది. కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు సంచిలో పడేవి. ఆ తర్వాత ఇద్దరూ తీరిగ్గా పిల్లల సంగతులు మాట్లాడుకునేవాళ్ళు.

ఏది బాగా నచ్చిందో దాన్నే బాగా తిట్టాలి, అదీ అమ్మ సూత్రం. "నచ్చినట్టు కనపడ్డావో, అయిపోయావే" అనేది. "అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి. నీ మొహం చూసే రేటు చెప్తారు." ఆ పాఠం నాకు బాగానే వంటబట్టింది. నా పెళ్ళికి చీరలు కొనేటప్పుడు నా నోటి ధాటికి మా అత్తగారు కొట్టువాడి మీద జాలిపడింది. ఆ సంగతి ఇప్పటికీ చెబుతుంది.

వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, ఈ పరాయి దేశానికి వచ్చి పదకొండేళ్ళయింది. ఈ దేశం కొట్లల్లో బేరం లేదు. చీటీ మీద ఉన్నది ఇచ్చి, థాంక్యూ చెప్పి, ఎందుకైనా మంచిదని సారీ కూడా చెప్పి బయటికి రావాలి. పదకొండేళ్ళలో నా నోరు తుప్పుపట్టిపోయిందనే అనుకున్నాను. పట్టలేదని ఇల్లు కొనే రోజున తెలిసింది.

అసలు ఇల్లు కొనాలని మేము అనుకోలేదు. అనుకునేలా చేసింది మేము అద్దెకుంటున్న ఇంటి ఓనరు. మనిషి మంచివాడే, ఏం లాభం? ఇల్లు అమ్మేస్తున్నానని, మార్చి నెలాఖరుకల్లా ఖాళీ చేయాలని కాగితం పంపించాడు. మావారు ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళను దగ్గరుండి చూసుకునే కేరర్‌గా చేస్తారు. నాకు డ్యూటీ లేనప్పుడు ఆయనకు, ఆయనకు లేనప్పుడు నాకు. ఆ మధ్యలోనే పరుగులు పెట్టి అద్దె ఇళ్ళు చూశాం. ఒక్కో ఇంటి ముందు జనం వీధి మలుపు దాకా నిలబడి ఉండేవాళ్ళు. మా ప్రార్థన కూటంలో ఒక కుటుంబం అప్పటికే వేరేవాళ్ళ హాల్లో పరుపులేసుకుని బతుకుతోంది. ఆ ఇల్లాలు ఆదివారం పాట పాడుతూ పాడుతూ ఏడ్చేసేది. మాకూ అదే గతి అని నాకు పగలల్లా దిగులే. మా పాప పదేళ్ళది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబంతా ఇక్కడి యాసలో ఇంగ్లీషే. "వేర్ విల్ వి లివ్, మామీ?" అని స్కూలు యూనిఫామ్ వేసుకుంటూ అడిగింది ఒకరోజు. "ఎక్కడో చోట ఉంటాంలే, ముందు సాక్సులు తొడుక్కో" అని కసిరాను. కసిరినందుకు బస్సులో కూర్చుని బాధపడ్డాను.

టౌన్లో ఇళ్ళు మా తాహతుకు మించినవి. అప్పుడు కనిపించింది ఈ పల్లెటూళ్ళో ఇల్లు. వాటర్‌ఫోర్డ్ నుంచి కారులో అరగంట. ఒకటే వీధి, ఒక చర్చి, ఒక పబ్బు, పోస్టాఫీసు కూడా తనలోనే పెట్టుకున్న ఒక కొట్టు, ఊరి చివర బడి. వీధిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఆరు ఇళ్ళు, అటు గోడా ఇటు గోడా పక్కవాళ్ళతో ఉమ్మడి. మూడోది అమ్మకానికి ఉంది. కింద ముందుగది, వంటగది. పైన రెండు పడగ్గదులు, మంచం పడితే మనిషి పట్టని ఇంకో చిన్నగది. మొత్తం కలిపినా మా మేనత్త వాళ్ళ వసారా అంత ఉండదు. అయినా నాకు సరిపోతుంది.

సెప్టెంబరులో చూడ్డానికి వెళ్ళాం. కారు దిగే ముందే మావారికి చెప్పాను. "మీరు నోరు మెదపొద్దు. ఏది చూసినా పళ్ళికిలించొద్దు. నేను మాట్లాడతా."

"నువ్వు మాట్లాడితేనే నాకు బయం" అన్నారాయన.

ఇక్కడ ఇల్లు చూడ్డానికి వెళితే ఏజెంటే చూపిస్తారు, ఇంటివాళ్ళు ఆ పూట బయటికి వెళ్ళిపోతారు. ఆ ఇంటి పెద్దాయన మాత్రం వెళ్ళలేదు. డెబ్బై దాటిన మనిషి, పొడుగరి, తుంటి నొప్పితో ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాడు. మెట్లెక్కడం కష్టమైందట. చర్చి పక్కన వయసైనవాళ్ళ కోసం కౌన్సిలు కట్టిన చిన్న ఇళ్ళల్లో ఒకటి ఆయనకు ఇచ్చారట. భార్య పోయి నాలుగేళ్ళు. ఏజెంటమ్మ ఇవన్నీ గుమ్మంలోనే చెప్పేసింది. ఆయన మాతో చేతులు కలిపి, "చల్లగా ఉంది, టీ పెడతాను" అంటూ వంటగదిలోకి పోయాడు.

ఆయన వెనకే వెళ్ళిన నేను వంటగది కిటికీలోంచి చూశాను. అంతే.

పెరడు చిన్నది. అందులో సగం చెట్టే. కిటికీకి మూడు బారల దూరంలో లావుపాటి మొదలు, కొమ్మలు అద్దం దాకా వచ్చాయి. కొమ్మల నిండా పచ్చటి కాయలు, ఒక్కోటి నా గుప్పిట పట్టనంత. యాపిల్ కాయలే, కానీ తినేవి కావు, వండుకునేవి. కొట్లో ఒకటీ అరా కొని పప్పులో వేస్తుంటాను. మామిడికాయ దొరకని దేశంలో ఆ పులుపే మాకు దిక్కు. పాప పెరట్లోకి పోయి, కింద పడ్డదొకటి తీసి కొరికి, "ఓ మై గాడ్, ఇట్స్ సో సవర్!" అని ఒళ్ళంతా జలదరించింది. నాకు నోట్లో నీళ్ళూరాయి. ఆ ఒక్క చెట్టుతో ఏడాది పొడుగునా పప్పు, పులిహోర, ఆవకాయ కూడా పెట్టొచ్చు. కాయలు కోసి పక్కింటికీ, ఎదురింటికీ, మా ప్రార్థన కూటం వాళ్ళకీ పంచుతున్నట్టు కూడా ఆ నిమిషంలోనే ఊహించేసుకున్నాను. ఈ ఇల్లు దొరక్కపోతే చచ్చిపోతాననిపించింది. నిజంగానే అనిపించింది.

అలా అనిపించగానే నా మూతి దానంతటదే ముడుచుకుంది. అమ్మ మూతి అది.

మొదలుపెట్టాను. ఏజెంటమ్మకు చెబుతున్నట్టే, పెద్దాయనకు వినపడేట్టు. వినపడాలి మరి! వినకపోతే ఆయన ఎలా లేస్తాడు, బేరం ఎలా మొదలవుతుంది? మూడో మెట్టు కిర్రుమంటోంది, పిల్ల కాలు పడితే ఎలా అన్నాను. ప్రెస్ తలుపు వేలాడుతోంది అన్నాను. వంటింట్లో గోడ అలమరను ఇక్కడ ప్రెస్ అంటారు. చిన్నగది మూల చెమ్మ పట్టింది, పెరటి తలుపు గడియ పడదు, దొంగలకు స్వాగతం చెప్పినట్టుంది అన్నాను. ఇక మిగిలింది చెట్టు. బాగా నచ్చినదాన్ని బాగా తిట్టాలిగా? కిటికీ దగ్గర నిలబడి, చెయ్యి అడ్డంగా ఊపి, "అన్నిటికన్నా పెద్ద బెడద ఈ చెట్టు. వెలుతురంతా మింగేస్తోంది. పట్టపగలు వంటింట్లో దీపం వేసుకోవాలి. ఈ చీకట్లో ఎవరు వండుతారు, ఎవరు గిన్నెలు కడుగుతారు?" అన్నాను.

ఏజెంటమ్మ మొహం ఎర్రబడింది. మావారు నేల చూపులు చూస్తున్నారు. నేను పెద్దాయన వంక చూశాను. ఆయన వంతు వచ్చింది. 'నచ్చకపోతే పోవమ్మా, ఈ వీధిలో ఇంత మంచి ఇల్లు ఇంకోటి చూపించు చూద్దాం' అనాలి. ఆ కాయల రుచి నీకేం తెలుసు అని నన్ను తిట్టాలి.

ఆయన టీ కప్పు నా ముందు పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీదున్న కరెంటు బిల్లు కవరు తిప్పి, పొట్టి పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. ఒకసారి కిటికీలోంచి చెట్టును చూశాడు, గిన్నెలు కడిగే తొట్టి దగ్గరున్న దీపాన్ని చూశాడు. "రైట్ సో," అన్నాడు, సరే మరి అన్నట్టు. ఇంకేం అనలేదు. రేటు ఎంత తగ్గించాలో లెక్కేసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను.

కారు ఊరి చివరకు రాగానే మావారు అందుకున్నారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదయిద్దంటారు. మనకి ఊరూ లేదు, ఇల్లూ లేదు. నీ నోరు మాత్రం ఉంది."

"నేనేం అన్నానిప్పుడు? కొనేవాళ్ళు ఎక్కడైనా వంక పెడతారు."

"ఆయనింట్లో కూర్చుని, ఆయన టీ తాగుతా ఆయనింటిని తిట్టావే! వినలేక చచ్చాను."

"ఆయన ఒక్క మాట తిరిగి అంటే నేను తగ్గేదాన్నిగా!"

"ఎందుకంటాడు? ఆయనకి నువ్వెవరు, మీ అమ్మెవరు?"

వెనక సీట్లోంచి పాప, "యు వర్ సో రూడ్, మామీ," అంది. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఇద్దరితోనూ ఆ రోజు మాట్లాడలేదు.

మా బేరం మేము పంపించాం. అడిగిన దానికంటే కొంచెం తక్కువ. ఇంకో జంట అడిగినంతా ఇస్తామన్నారని ఏజెంటమ్మ ఫోన్ చేసింది. సరే, మేమూ అంతే ఇస్తామన్నాం. నా నోటి దూలకు రేటు పైసా తగ్గలేదు, పైగా ఆయన మనసు విరిచాను. ఇల్లు వాళ్ళకే పోతుందని నాకు తెలిసిపోయింది. అన్నం సయించేది కాదు. వార్డులో మాత్రలు పంచుతూ ఒకటికి రెండుసార్లు పేర్లు సరిచూసుకునేదాన్ని, నా మీద నాకే నమ్మకం లేక. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని మా నాన్న అనేవాడు. ఆ మాట ఆ వారమంతా చెవిలో పోరు పెట్టింది.

వారం తర్వాత వార్డు టీ గదిలో ఉండగా మళ్ళీ ఫోన్. "ఇల్లు మీకే ఇస్తారట," అంది ఏజెంటమ్మ.

నేను నమ్మలేదు. ఎందుకు అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "ఆ జంట ప్రతి దానికీ లవ్లీ లవ్లీ అన్నారు. మాయగా ఉంది, నాకు నమ్మకం కుదరలేదన్నారాయన. 'ఆ ఇండియన్ నర్సు ఉన్నదున్నట్టు చెప్పింది, నా మొహం మీదే చెప్పింది. అలాంటివాళ్ళు ఈ వీధిలో ఉంటే మంచిది' అన్నారు. ఇల్లు సరిగ్గా చేసి అప్పగిస్తాను, దిగులుపడొద్దని కూడా చెప్పమన్నారు."

ఆ చివరి మాట నేను పట్టించుకోలేదు. తుడిచి, కడిగి ఇస్తాడు కాబోలు అనుకున్నాను. టీ గదిలో ఒక్కదాన్నే చేతులు జోడించి "ప్రభువా, స్తోత్రం" అన్నాను. మా అమ్మకు ఫోన్ చేస్తే, "చూశావా, నే చెప్పలా? వంక పెడితేనే విలువ!" అని మురిసిపోయింది. మావారు కూడా ఆ రోజు ఒప్పుకున్నారు. "నీ నోరు కూడా ఒకందుకు మంచిదే," అన్నారు.

ఒప్పుకున్నంత మాత్రాన ఇక్కడ ఇల్లు మనదైపోదు. లాయర్లు కాగితాలు అటూ ఇటూ పంపించుకోవాలి, సంతకాలు పడాలి. అప్పటిదాకా ఎవరైనా సరే కాదు పొమ్మనొచ్చు. క్రిస్మస్ వెళ్ళింది. జనవరిలో ఇళ్ళ వెనక ఉన్న దారి కాగితం ఏదో దొరకలేదని ఆగిపోయింది. మార్చి దగ్గర పడుతోంది. సామాను సగం పెట్టెల్లో, సగం బయట. ఒకటి రెండు సార్లు పని లేకపోయినా ఆ వీధిలోంచి కారు పోనిచ్చి ఇంటిని చూసి వచ్చాం. ముందు తలుపు, పొగగొట్టంలోంచి పొగ, అంతే కనిపించేది. వరుస ఇళ్ళల్లో వెనక ఏం జరుగుతోందో వీధిలోంచి తెలియదు.

ఫిబ్రవరిలో ఏజెంటమ్మ అడిగింది కూడా. సంతకాలకు ముందు ఇంకోసారి వచ్చి చూసుకుంటారా, పెద్దాయన కూడా రమ్మంటున్నారు అని. మావారు పోదామన్నారు. నేనే వద్దన్నాను. "ఎగబడి పోయామనుకో, మనం ఎంత ఆత్రంగా ఉన్నామో తెలిసిపోద్ది. మళ్ళీ ఏం మెలిక పెడతారో!" అన్నాను. అప్పుడు వెళ్ళినా మించిపోయే ఉండేదని తర్వాత తెలిసింది. అయినా ఆ పిలుపు నాకు గుర్తొస్తూనే ఉంటుంది. తను చేసినదంతా మాకు చూపించాలని పిలిచి ఉంటాడు.

మార్చి మొదటి వారంలో తాళాలు చేతికొచ్చాయి. గుమ్మం దగ్గర నిలబడి మావారు చిన్న ప్రార్థన చేశారు. పాప అందరికంటే ముందు లోపలికి దూరి మెట్లెక్కేసింది. మూడో మెట్టు చప్పుడు చేయలేదు.

నేను ఆగి, నా కాలు పెట్టి చూశాను. కిర్రుమనలేదు. కొత్త మేకులు కొట్టి ఉన్నాయి, తలలు మెరుస్తున్నాయి. "ఏవండీ, మెట్టు బాగుచేశాడు!" అని సంబరపడ్డాను. చిన్నగదికి పరిగెత్తాను. మూలన చెమ్మ గీకి, సున్నం పూసి, రంగు వేసి ఉంది. చెయ్యి వణికినట్టుంది, రంగు పైకప్పు అంచుకు అక్కడక్కడా అంటింది. అప్పటికీ నాకు సంతోషమే. ఆ తుంటితో మెట్లెక్కి ఈ మూలకు వంగి ఎలా పూశాడో పాపం అనుకుంటూ కిందికి దిగాను. పెరటి తలుపుకు కొత్త గడియ. ప్రెస్ తలుపుకు కొత్త బందు. నేను పెట్టిన వంకలన్నీ వరసగా, ఒక్కటీ విడవకుండా. కరెంటు బిల్లు కవరు అప్పుడు గుర్తొచ్చింది.

అప్పుడు గమనించాను, వంటగది నిండా ఎండ ఉంది.

కిటికీ దగ్గరికి పోవడానికి భయమేసింది. పోయాను. పెరట్లో ఏమీ లేదు. గోడ దాకా కనపడుతోంది, గోడ అవతల పొలమూ కనపడుతోంది. నేల మీద చక్కగా, సమంగా కోసిన మొదలు ఒకటి ఉంది, పళ్ళెమంత వెడల్పు. చుట్టూ రంపపు పొట్టు కూడా ఊడ్చేసి ఉంది.

"ఓరి దేవుడా," అన్నారు మావారు నా వెనక.

నేను ఆ వంటింటి నేల మీదే కూలబడ్డాను. నోట్లో మన్ను పడ, నా నోట్లో మన్ను పడ అని అక్కడే తల బాదుకున్నాను. పాప బెదిరిపోయి, "మామీ, ఇట్స్ ఓన్లీ ఎ ట్రీ," అని నా భుజం పట్టుకుంది.

ప్రెస్ తెరిస్తే అట్టపెట్టె కనిపించింది. లోపల యాపిల్ కాయలు, ఒక్కోదానికీ విడివిడిగా పాత పేపరు చుట్టి. అలా చుడితే నెలల తరబడి నిలవుంటాయట. మీద ఆ పొట్టి పెన్సిలుతో రాసిన చీటీ: 'చివరి కాపు. టార్టుకు బాగుంటాయి. వెలుతురు ఇప్పుడు గ్రాండ్‌గా ఉంది.'

ఆ సాయంత్రం పక్కింటావిడ కేకు పట్టుకుని పలకరించడానికి వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, ఆ వీధిలోనే పుట్టి పెరిగిందట. చెట్టు సంగతి నేనే అడిగాను. పెద్దాయన పెళ్ళైన ఏడాది భార్యాభర్తలు కలిసి నాటిన చెట్టట. ఆవిడ ఉన్నన్నాళ్ళూ శరత్కాలంలో ఈ కాయలు పిండిలో పెట్టి కాల్చి, వీధిలోని ఆరు ఇళ్ళకూ తియ్యటి టార్టులు పంచేదట. "కొట్టేయడం ఎందుకని మేమంతా అడిగాం," అంది పక్కింటావిడ. "కొత్తగా వచ్చేవాళ్ళకు వెలుతురు కావాలి, ఆవిడ అన్నది నిజమే అన్నాడు. జనవరిలో మా తమ్ముడు రంపం తెచ్చి కోశాడు. కోస్తున్నంతసేపూ ఆయన ముందుగదిలో కూర్చుని రేడియో పెట్టుకున్నాడు." ఆవిడ గొంతులో నిష్ఠూరమేం లేదు. ఉన్నా బాగుండేది.

మా అమ్మకు చెప్పాను. ఆవిడ మొదట నమ్మలేదు. "చెట్టు కొట్టేసుకున్నాడా! తిరిగి నాలుగు మాటలు అనాలి గానీ, ఎవరైనా కాసే చెట్టు కొట్టుకుంటారటే?" అంది. "అతనికి బేరం తెలీదే పాపం," అంది చివరికి.

రెండు కాయలు కోసి పప్పు వండాను. కందిపప్పు, పచ్చిమిర్చి, ఇంగువ లేకుండా వెల్లుల్లి తాలింపు. మామిడికాయ పప్పు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అదే నాకు మింగుడుపడలేదు. పాప రెండుసార్లు వేయించుకుంది. మావారు తింటూ తల ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అంటే బాగుండునని కూర్చున్నాను. ఆయన కూడా అనలేదు.

వారం పాటు ఆ వీధిలో తల దించుకునే నడిచాను. చివరికి మావారే, "పోయి చెప్పు. అడుసు తొక్కావు, కాలన్నా కడుక్కో," అన్నారు. ఇంకో రెండు కాయలతో మళ్ళీ పప్పు వండి, కాస్త డబ్బాలో పెట్టుకుని చర్చి పక్కకు వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. మా దేశంలో కొనేటప్పుడు ఇలా మాట్లాడతాం, అదంతా ఉత్తుత్తిదే, ఆ చెట్టు కోసమే ఆ ఇల్లు అడిగాను, క్షమించండి. ఇంతే. నాలుగు మాటలు.

పెద్దాయన తలుపు తీశాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది. నేను నోరు తెరవక ముందే, "వెలుతురు వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోంది," అన్నాను.

"గ్రాండ్, గ్రాండ్." ఆయన ద్వారబంధానికి చెయ్యి ఆనించుకున్నాడు. "మీరు అనకపోతే నాకు తట్టేదే కాదు. దాన్ని కోసిన మర్నాడు పొద్దున వంటింట్లోకి వస్తే కళ్ళు చెదిరిపోయాయి. అప్పుడు అర్థమైంది. మా ఆవిడ ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ చీకట్లోనే గిన్నెలు కడిగింది. ఒక్కసారి నాతో అనలేదు. నాకూ కనపడలేదు." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "అదొక్కటే నన్ను తినేస్తోంది. నేను చూసుకోవాల్సింది."

దారంతా కూర్చుకున్న మాటలు ఎక్కడికో పోయాయి. చెట్టును అనవసరంగా కొట్టించానని చెప్పడానికి వచ్చాను. ఇప్పుడు చూస్తే, ఏనాడూ లేని చీకటిని ఆయన కాపురంలోకి తెచ్చిపెట్టాను. ఆ వంటగదిలో నేను నిలబడ్డాను కదా. ఆకుల మధ్య నుంచి తొట్టి మీద పడే వెలుతురు నాకు ఇంకా గుర్తుంది. దీపం అక్కర్లేదు.

"చీకటిగా ఉండేది కాదండీ," అన్నాను. "నిజంగా చీకటిగా ఉండేది కాదు. నేను ఊరికే అన్నాను. ఆ చెట్టంటే నాకు చాలా ఇష్టమైంది. అందుకే అలా అన్నాను. మీ ఆవిడకు అక్కడ బాగానే ఉండి ఉంటుంది."

ఆయన నవ్వి, నా చెయ్యి తట్టాడు. "మీది మంచి మనసమ్మా. నేను బాధపడుతున్నానని అలా అంటున్నారు."

"కాదండీ, నిజమే చెబుతున్నాను."

"నాకు తెలుసు, నాకు తెలుసు," అంటూనే నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. చిన్న గది, టీ బల్ల. ఆయన స్నేహితుడొకాయన పేకముక్కలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెద్దాయన నా చేతిలో డబ్బా అందుకుని, నాకోసం కుర్చీ లాగాడు.

"నేను చెప్పలేదూ, ఆవిడే ఈవిడ," అన్నాడు స్నేహితుడితో. "చచ్చినా అబద్ధం చెప్పదు."

నేను కూర్చున్నాను. ఆయన టీ పెట్టడానికి లేచాడు.